అలసిపోతే తేలు

ద్వీపం, పడవల షెడ్డు వెనక గది
నవంబరు 6

బాబాయ్,

నేనిక్కడికి వచ్చి రెండు వారాలు దాటింది. ఉత్తరం ఆలస్యమైందని పిన్ని దగ్గర నా మీద చాడీలు చెప్పకు. ఇక్కడ ఫోను పలకాలంటే దీపస్తంభం మెట్లన్నీ ఎక్కాలి, ఎక్కినా గాలి హోరు తప్ప ఏమీ వినపడదు. అయినా నీతో ఫోనులో మాట్లాడి నా చెవి ఏనాడు బాగుపడింది గనక! ముప్పై ఒక్క ఏళ్ళు ఈతకొలను గట్టు మీద అరిచిన గొంతు నీది. ఫోనులో కూడా అవతలి గట్టుకి వినపడేలాగే మాట్లాడతావు. కాబట్టి ఉత్తరాలే. సరుకుల పడవ వారానికోసారి వస్తుంది, ఉత్తరాల సంచి అందులోనే వస్తుంది, అందులోనే పోతుంది.

గది చిన్నది. ఒక మంచం, ఒక కిటికీ, గోడ నిండా మేకులు. మేకులకి మాస్కులూ, గాలి పీల్చే గొట్టాలూ, నువ్వు బాతుకాళ్ళని వెక్కిరించే ఫిన్లూ వేలాడుతుంటాయి. పడవ యజమానిని అందరూ సరంగమ్మ అంటారు. నలభై ఏళ్ళుగా పడవ తనే నడుపుతోంది. మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. వచ్చిన వాళ్ళని నీళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, కింద ఉన్న పగడపు దిబ్బని చూపించి, క్షేమంగా వెనక్కి తేవడం నా పని.

ఏం చెప్పను బాబాయ్! అది రాయి అనుకుంటాం, కాదు. ఆవగింజంత ప్రాణులు లక్షలకొద్దీ ఒకదానికొకటి అతుక్కుని కట్టుకున్న ఇల్లది. గుండ్రంగా బండలా ఉండే రకం ఏడాదికి గోరంత పెరుగుతుంది. నా నడుమంత ఎత్తున్న బండ మీ తాతయ్య పుట్టకముందే మొదలై ఉంటుందని సరంగమ్మ చెప్పింది. పైన వేలు ఆనిస్తే చాలు, పల్చటి ఆ చర్మం దెబ్బతింటుంది.

ఇప్పుడు అసలు సంగతి. కిందటి వారం ఒక పెద్ద కొమ్మల పగడం విరిగింది. దుప్పి కొమ్ముల్లా ఉండేది, దిబ్బకంతటికీ అదే అందం. ఎవరో దాని మీద నిలబడ్డారు. దాంతో సముద్ర రక్షణ ఆఫీసు నుంచి తాఖీదు వచ్చింది. ఏప్రిల్‌లో ఒక పరిశీలకురాలు వచ్చి రోజంతా నీళ్ళలోనే ఉండి చూస్తుందట. ఆ రోజు వచ్చిన నలభై మందిలో ఎవరి కాలైనా చెయ్యైనా అందరివీ కలిపి నాలుగుసార్లకి మించి పగడానికి తగిలితే దిబ్బ మూసేస్తారు. సరంగమ్మ పడవ ఇసుకలో బోర్లా పడుకోవాల్సిందే. నేను పెట్టె సర్దుకోవాల్సిందే. నేనీ పని కోసం ఎన్నాళ్ళు కాచుకుని కూర్చున్నానో నీకు తెలుసు.

మాస్కులోకి చుక్క నీళ్ళు వస్తే చాలు, జనం టక్కున కాళ్ళు దించి నిలబడిపోతారు. దీనికేం చెయ్యాలో చెప్పు.

నీ అన్న కూతురు
(కప్ప అని మాత్రం పిలవకు. ఇక్కడ నాకు కాస్త మర్యాద ఉంది.)


ఈతకొలను, టిక్కెట్ల కిటికీ పక్క గది
నవంబరు 17

కప్పా,

నీ ఉత్తరం నాకంటే ముందు మీ పిన్ని చదివేసింది. "పిల్ల చిక్కిందో ఏమో రాయలేదు చూడండి" అని నాలుగు పేజీలూ తిరగేసి వెతికింది. చిక్కావా?

నువ్వు అడిగినదానికి జవాబు చాలా చిన్నది. మీ దగ్గరికి వచ్చేవాళ్ళకి ఈత రాదు. అంతే. సగం సగం నేర్చుకుని సముద్రం మీద పడతారు. కాళ్ళు గట్టిగా ఆడించమను. నేను నీకు నేర్పిన దెబ్బ ఉందే, తుంటి దగ్గర్నుంచి చెర్నాకోలలా, అది నేర్పు. నీళ్ళు వెనక్కి చిమ్మాలి. పదేళ్ళు కష్టపడి నీ కప్ప కాళ్ళని సరిచేసింది ఊరికే అనుకున్నావా?

ఇక అలసిపోతే నిలబడతారు. నిలబడక? మన లోతు తక్కువ వైపు గోడ మీద నా చేత్తో నీలం రంగుతో రాసిన బోర్డు మర్చిపోయావా? అలసిపోతే నిలబడు. ఆ రెండు మాటల వల్ల ఈ కొలనులో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒక్కరికి కూడా ప్రాణం మీదకి రాలేదు. మీ దిబ్బ పక్కన ఒక సిమెంటు అరుగు కట్టించండి, దాని మీద నిలబడతారు. తీరిపోతుంది.

సముద్రమైనా కొలనైనా నీళ్ళు నీళ్ళే. నేను చూడని సముద్రమా!

మీ పిన్ని మళ్ళీ అడుగుతోంది, చిక్కావా?

బాబాయ్


ద్వీపం, పడవల షెడ్డు
డిసెంబరు 11

మాస్టారికి,

మీ సలహా అందింది. కాళ్ళు గట్టిగా ఆడించమన్నారు. ఆడించారు. లేచిన ఇసుక తీసుకెళ్ళి పగడాల మీద పోసినట్టు పడింది. ఆ ఇసుక కింద అవి ఊపిరాడక చస్తాయి. సిలిండర్లు కట్టుకుని లోతుకి దిగేవాళ్ళు ఇక్కడ ఏ దెబ్బ వాడతారో తెలుసా? మోకాళ్ళు మడిచి, పాదాలు పక్కకి తిప్పి, నెమ్మదిగా తోసే కప్ప దెబ్బ. మీరు పదేళ్ళు కష్టపడి నా చేత మాన్పించింది సరిగ్గా అదే.

నిన్న పదహారు మంది వచ్చారు. ఇరవై ఆరుసార్లు తగిలారు. అందులో ముగ్గురు ఒకే వరసలో ఒక పాత గుండ్రటి పగడం మీద ఠీవిగా నిలబడి మాస్కులు సర్దుకున్నారు. దిగండి దిగండి అని అరిచాను. వాళ్ళలో ఒకాయన నాకే పాఠం చెప్పాడు. "మీకు తెలీదమ్మా, మా మాస్టారు చెప్పారు, అలసిపోతే నిలబడాలి" అన్నాడు. ఏ ఊరు, ఏ కొలను అని అడిగాను. మీదే. ముగ్గురూ మీ శిష్యులే.

ఆ పగడం మీద ఇప్పుడు ఆరు పాదాల అచ్చులు తెల్లగా ఉన్నాయి. దయచేసి ఆ బోర్డు తీసేయండి.

ఉంటాను.


ఈతకొలను
డిసెంబరు 20

చిరంజీవికి,

"మీరు" అన్నావు. పుట్టి బుద్ధెరిగాక నువ్వు నన్ను మీరు అనడం ఇదే మొదలు. మీ పిన్నికి ఆ ఉత్తరం చూపించలేదు.

బోర్డు తియ్యను. ఆ బోర్డు చూసి బతికినవాళ్ళు ఈ ఊళ్ళో వీధికి పదిమంది ఉన్నారు. నీ పగడానికి ప్రాణం ఉంది సరే, మనుషులకి లేదా? భయపడినవాడు కాలు దించుతాడు. అది తప్పంటే ఎలా? నీళ్ళు ముక్కులోకి పోతున్నప్పుడు నిలబడకుండా ఉండగలవా నువ్వు? ఎప్పుడైనా ఉన్నావా?

జాగ్రత్త.


ద్వీపం, పడవల షెడ్డు వెనక గది
జనవరి 2

బాబాయ్,

లేదు. ఉండలేదు.

ఆ దుప్పికొమ్ముల పగడాన్ని విరిచింది టూరిస్టు కాదు. నేనే.

వచ్చిన ఐదో రోజు. సరంగమ్మ నన్ను పరీక్షించడానికి ఒక్కదాన్నే నీళ్ళలోకి పంపింది. పోటు తగ్గిన వేళ, నీళ్ళు రొమ్ము లోతే ఉన్నాయి. మాస్కు పట్టీ జారింది. కళ్ళు మండాయి. ఆలోచించలేదు బాబాయ్, నా కాళ్ళే నీ మాట విన్నాయి. నిలబడ్డాను. కింద ఫటఫటమని విరిగిన చప్పుడు ఎముకల్లోకి పాకింది. నీళ్ళలో చప్పుడు ఎంత గట్టిగా వినపడుతుందో నీకు చెప్పక్కర్లేదు.

సరంగమ్మ పడవ మీద నుంచి చూసింది. తనే ఆఫీసుకి వెళ్ళి, మా పడవ మనిషి వల్లే విరిగిందని రాసిచ్చి వచ్చింది. నా పేరు చెప్పలేదు. ఆ తాఖీదు అందుకే వచ్చింది. అంటే దిబ్బ మూతపడితే అది నా కాలి వల్ల. నలభై ఏళ్ళ పడవ ఒడ్డెక్కితే అదీ నా కాలి వల్లే. ఇంత జరిగినా ఆవిడ నాకు రోజూ ముందు అన్నం పెట్టి తర్వాత తను తింటోంది. తిట్టినా బాగుండేది.

నీకు చెప్పడానికి సిగ్గేసింది. ఆ సిగ్గంతా పోగేసి నీ మీద కోపంగా విసిరాను. నీ శిష్యులు ముగ్గురూ నిలబడితే తిట్టాను, నీ నాలుగో శిష్యురాలి సంగతి దాచాను. "మీరు" అన్నందుకు తప్పయిపోయింది. ఇంకెప్పుడూ అనను.

బోర్డు నీ ఇష్టం. నాకు మాత్రం నిలబడకుండా ఉండే దారి చెప్పు. నీకు తప్ప ఇంకెవరికీ తెలీదు.


ఈతకొలను, టిక్కెట్ల గది
జనవరి 19

కప్పపిల్లా,

నువ్వు ఒకటి చెప్పావు కాబట్టి నేనూ ఒకటి చెప్పాలి. నేను చూడని సముద్రమా అని కోతలు కోశాను. చూశాను, నిజమే. చూడటం వరకే. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఊరందరికీ ఈత నేర్పిన మీ బాబాయ్ ఇంతవరకూ సముద్రంలో దిగలేదు. ఈ సంగతి మీ నాన్నకి తెలుసు, మీ పిన్నికి తెలుసు, ఇప్పుడు నీకు తెలుసు. నాలుగోవాడికి తెలిస్తే నీ సంగతి చూస్తాను.

తొమ్మిదేళ్ళప్పుడు ఒడ్డున నిలబడి ఉంటే అల కొట్టి లోపలికి లాగేసింది. పైకీ కిందకీ తేడా తెలియలేదు. అలా దొర్లుతూ దొర్లుతూ ఉండగా కాలికి ఇసుక తగిలింది. నిలబడ్డాను. బతికాను. మీ నాన్న జుట్టు పట్టుకుని ఒడ్డుకి ఈడ్చుకొచ్చి రెండు అంటించాడు. ఆ బోర్డు మీది మాట నేను పుస్తకంలో చదివింది కాదు. ఆ రోజు కాలికి తగిలిన ఇసుక అది. అందుకే తియ్యనంటే తియ్యనన్నాను.

కానీ నీ ఉత్తరం చదివి వారం రోజులు అన్నం సయించలేదు. నా మాట నీ కాళ్ళలో అంత లోతుకి దిగిందంటే, ఇంకో మాట కూడా దింపొచ్చు కదా అనిపించింది.

మీ పిన్ని స్టీలు గ్లాసులు ఇరవై నాలుగు పట్టుకొచ్చి లోతు తక్కువ వైపు నేల మీద వరసగా నిలబెట్టాను. అవే పగడాలు. (ఆవిడకి చెప్పలేదు. సాయంత్రం చుట్టాలొస్తే ఇంట్లో ఒక్క గ్లాసూ లేదు. ఆ ప్రళయం వేరే రాస్తాను.) ఆదివారం ఉదయం తరగతిలో పద్నాలుగు మంది పెద్దవాళ్ళు. గ్లాసుల మీదుగా వెళ్ళండి, పడెయ్యకండి అన్నాను. మధ్యలో మామూలుగా "నిలబడు!" అన్నాను. పందొమ్మిది గ్లాసులు పడ్డాయి. మళ్ళీ నిలబెట్టాను. ఈసారి వేరే మాట కావాలి. వెల్లకిలా తిరిగి ఒళ్ళు వదిలెయ్యి అంటే, అంత పొడుగు మాట చెప్పేలోపు మనిషి మునిగిపోతాడు. ఒక్క మాట ఉండాలి. తేలాలి కాబట్టి తేలు. ఇందులో వంకేముంది?

పూర్తి గొంతుతో "తేలు!" అని అరిచాను.

అంతే. లెక్కల టీచరమ్మ కెవ్వున కేకేసింది. మెట్ల దగ్గరున్న మందుల షాపాయన టోపీతో, కళ్ళద్దాలతో, తడి లాగుతో గేటు దాటి రోడ్డు మీదకి పోయాడు. ఆయన వెనకాలే ఇంకొకాయన. కాపలా మనిషి చీపురు పట్టుకొచ్చి "ఎక్కడ సార్, ఎక్కడ? నల్లదా ఎర్రదా?" అని గట్టు చుట్టూ వెతకడం మొదలెట్టాడు. నేను తేలు కాదయ్యా తేలు, తేలు అని ఎంత మొత్తుకుంటే అంత కంగారు పెరిగింది.

అప్పుడు నీళ్ళలోకి చూశాను. పన్నెండు మంది ఇంకా కొలనులోనే ఉన్నారు. అందరూ మోకాళ్ళు గుండెకి లాక్కుని, చేతులతో నీళ్ళు మెల్లగా తోసుకుంటూ, పైన ఆగిపోయారు. తేలు ఉండేది నేల మీద కదా, కాలు ఎవడు దింపుతాడు? టీచరమ్మ ఇంతవరకూ గోడ వదిలిన మనిషి కాదు, తన పాటికి తను తేలుతోంది. గ్లాసులు లెక్కపెట్టాను.

ఇరవై నాలుగూ నిలబడే ఉన్నాయి.

అర్థం తెలిసినవాడు తేలతాడు. అర్థం పొరబడినవాడు కాళ్ళు ఎత్తుతాడు. ఎటు తిప్పినా నీ పగడం క్షేమం. వాడి చూడు.

బాబాయ్


ద్వీపం
ఫిబ్రవరి 24

బాబాయ్,

నీ ఉత్తరం పడవ మీద సరంగమ్మకి చదివి వినిపించాను. మందుల షాపాయన గేటు దాటిన చోటికి వచ్చేసరికి ఆవిడ చుక్కాని వదిలేసి, పొట్ట పట్టుకుని నవ్వింది. పడవ గుండ్రంగా రెండు చుట్లు తిరిగింది. నేనిక్కడికి వచ్చాక ఆవిడ పళ్ళు చూడటం అదే మొదలు.

ఇప్పుడు మా పద్ధతి విను. పడవ ఎక్కగానే నీ తేలు కథ చెప్తాను. నువ్వు రాసినదానికి కాస్త ఉప్పూకారం కలిపాను. మందుల షాపాయన ఇప్పుడు బస్టాండు దాకా వెళ్తున్నాడు. దిబ్బ దగ్గరికి తిన్నగా తీసుకెళ్ళం. ముందు ఇసుక మాత్రమే ఉన్నచోట, నడుము లోతులో అందరినీ దింపుతాను. ఒక్కొక్కరూ వెల్లకిలా తిరిగి తేలాలి, తేలుతూనే మాస్కులో నీళ్ళు వంపుకుని మళ్ళీ పెట్టుకోవాలి. అది వచ్చినవాళ్ళే ముందుకి. రానివాళ్ళకి సిగ్గేమీ లేదు, ఒంటికి గాలి చొక్కా కట్టేస్తాను. అలసిపోయినవాళ్ళు పట్టుకోవడానికి ఎర్ర రబ్బరు చక్రం ఒకటి నా వెనకాలే ఈడ్చుకెళ్తాను. నిలబడటానికి నేల బదులు అది. ఎండకి రాసుకునే క్రీములు నీళ్ళలో కరిగి పగడాలకి పడవు, అందుకని పొడుగు చేతుల చొక్కాలు ఇస్తున్నాం. సరంగమ్మ పాత చొక్కాలన్నీ తీసి కుట్టింది. చేతులు పొట్ట మీద కట్టుకోమంటాను. చేతులు ఖాళీగా ఉంటే మనిషి ఏదో ఒకటి ముట్టుకుంటాడు.

ఉప్పునీళ్ళ గురించి నీకు ఒక రహస్యం చెప్పనా? కొలనులో మనం కష్టపడి తేలాలి. ఇక్కడ సముద్రమే ఎత్తుకుంటుంది. ఒళ్ళు వదిలేస్తే చాలు. నీకు ఎవరూ చెప్పి ఉండరు.

ఎవరి మాస్కులో నీళ్ళు వచ్చినా "తేలు!" అంటాను. నలుగురు నవ్వుతారు, నలభై కాళ్ళు పైకి లేస్తాయి. పగడానికి తగలడం కిందటి నెల రోజుకి ఇరవైసార్లు దాటేది, ఇప్పుడు ఆరు. తాబేలు వెంట పరిగెత్తినవాడు ఒకడు. ఫొటో కోసం పగడాన్ని పట్టుకున్నవాళ్ళు ఇద్దరు. మిగతా మూడూ సిలిండర్లతో దిగేవాళ్ళవి. వాళ్ళ గాలి మీటరు గొట్టం వేలాడుతూ పగడాలకి కొట్టుకుంటోంది. ఇప్పుడు దాన్ని చొక్కాకి బిగించి కానీ దింపడంలేదు. నడుముకి కట్టుకునే సీసపు బరువులు కూడా ఎక్కువైపోతున్నాయి, అందుకే మునిగి నేలకి తగులుతున్నారు. ఇసుక మీద ముందు తూకం చూసి తగ్గిస్తున్నాను.

ఇంకా రెండు తగ్గాలి. పరీక్ష ఏప్రిల్ 9. పరిశీలకురాలు ఒకసారి వచ్చి చూసి వెళ్ళింది. నీళ్ళలో తడవని తెల్ల పలక మీద పెన్సిలుతో గీతలు పెడుతుంది. నవ్వదు. మేం పెన్సిలమ్మ అంటున్నాం. ఆవిడని తలుచుకుంటే నాకు నిద్ర పట్టడంలేదు.


ఈతకొలను
మార్చి 12

కప్పా,

మీ పిన్నీ నేనూ ఏప్రిల్ 8 పడవకి వస్తున్నాం. గట్టు మీద కూర్చుని చప్పట్లు కొట్టడానికి కాదు. 9న నీ నలభై మందిలో నేనొకణ్ణి. టిక్కెట్టు మీ సరంగమ్మకి రాసి తీసుకున్నాను. నీకు చెప్పొద్దన్నాను, చెప్పలేదన్నమాట. మంచి మనిషి.

రోజూ ఉదయం కొలను తెరవకముందు వెల్లకిలా తేలుతున్నాను. కాపలా మనిషి చూసి "మాస్టారూ, ఒంట్లో బాగానే ఉందా?" అని అడుగుతున్నాడు.


ద్వీపం
మార్చి 24

బాబాయ్,

రా. పిన్నిని తీసుకుని తప్పకుండా రా. నా మంచం మీకిచ్చి నేను పడవలో పడుకుంటాను. కానీ ఆ రోజు నీళ్ళలోకి మాత్రం వద్దు. నీ కాళ్ళలో ముప్పై ఒక్క ఏళ్ళ మాట ఉంది. నా కాళ్ళలో పదేళ్ళదే ఉంటే ఏం జరిగిందో చూశావు. నాలుగే బాబాయ్, నాలుగు దాటితే అయిపోయినట్టే. మర్నాడు నిన్ను నేనే స్వయంగా దింపి చూపిస్తాను. నామీద ఒట్టు.


ఈతకొలను, టిక్కెట్ల గది
ఏప్రిల్ 21

కప్పా,

ఇల్లు చేరాం. మీ పిన్ని ముక్కు తోలు ఊడుతోంది, దాన్ని కూడా పతకంలా అందరికీ చూపిస్తోంది.

నువ్వు వద్దన్నా దిగాను. నామీద కోపం రావాల్సింది, గెలిచిన సంబరంలో మర్చిపోయావు. ఆ సాయంత్రం ఒడ్డున అందరూ నిన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పుతున్నారు, సరంగమ్మ పడవ హారన్ ఆపకుండా మోగిస్తోంది, పిన్ని ఏడుస్తోంది. అప్పుడు నీకు ఒక మాట చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

చివరి జట్టులో నేనున్నాను. అప్పటికే పెన్సిలమ్మ పలక మీద నాలుగు గీతలు పడ్డాయని పడవలో అందరికీ తెలుసు. ఇసుక దగ్గర బాగానే తేలాను, నువ్వు చూశావు కూడా. తర్వాత దిబ్బ మీదకి వెళ్ళాం. అబ్బ, ఏం రంగులు! ఏం చేపలు! నీ ఉత్తరాలన్నీ కలిపినా అందులో పావు వంతు లేదు. కాసేపు భయం మాటే మర్చిపోయాను. ఆ దూరపు కొసన ఒకావిడ గొట్టం ఊడిపోతే నువ్వు ఎర్ర చక్రం లాక్కుంటూ అటు వెళ్ళావు. సరిగ్గా అప్పుడే చిన్న అల ఒకటి నా మొహం మీంచి పోయింది. మాస్కు నిండిపోయింది. ముక్కులోకి ఉప్పు ఎక్కింది.

మళ్ళీ తొమ్మిదేళ్ళ పిల్లాణ్ణైపోయాను. పైకీ కిందకీ తేడా తెలియలేదు. నా కాళ్ళు దిగిపోతున్నాయి. దిగిపోతున్నాయని తెలుస్తూనే ఉంది, ఆపలేకపోతున్నాను. కింద ఏవో కొమ్మలు మసకమసకగా కనపడ్డాయి. నువ్వు దూరంగా ఉన్నావు. అరిచే మనిషి ఎవరూ లేరు. అరవడం అంటే నా ఉద్యోగం కదా! గొట్టం ఊసేసి, ఉన్న గొంతంతా పెట్టి నా కాళ్ళ మీద నేనే అరిచాను.

"తేలు!"

ముప్పై ఒక్క ఏళ్ళలో నా మాట నేను విన్నది అదే మొదటిసారి. కాళ్ళు లేచాయి. వెల్లకిలా తిరిగి మాస్కు పైకి లాగేశాను. చెవులు నీళ్ళలో, కళ్ళు ఆకాశంలో. నువ్వు చెప్పింది నిజమే. ఎత్తుకుంది. నన్ను ఒకసారి దొర్లించిన సముద్రమే రెండు చేతులూ కింద పెట్టి ఎత్తుకుంది. నాకు ఏడుపొచ్చింది. మాస్కు తీసే ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఉప్పు ఉప్పులో కలిసిపోయింది.

ఇంత దగ్గరికొచ్చి నీ కొంప ముంచబోయానని చెప్పడానికి ఆ రోజు నోరు రాలేదు. క్షమించు.

నిన్న బోర్డు దింపాను. నిచ్చెన మీ పిన్ని పట్టుకుంది. నీలం రంగు గీకి, మళ్ళీ నా చేత్తోనే రాశాను. అలసిపోతే తేలు. కొత్తవాళ్ళు చదివి బిత్తరపోతున్నారు. అప్పుడు కథ చెప్తున్నాను. మందుల షాపాయన నాకు దండం పెట్టి, ఆ గేటు సంగతి మాత్రం తీసెయ్యమంటున్నాడు. తియ్యను.

బాబాయ్


ద్వీపం, పడవల షెడ్డు వెనక గది
ఏప్రిల్ 30

బాబాయ్,

దాచావనుకున్నావా! నీ అరుపు దీపస్తంభం దాకా వినిపించింది. ఆ పూట సముద్రంలో ఉన్న ప్రతి ఒక్కరూ కాళ్ళు ఎత్తేశారు. పక్క దీవి జాలర్లు పడవ ఆపి, ఎక్కడ తేలు అని అడిగారు. నువ్వు చెప్తావేమో చూద్దామని ఊరుకున్నాను.

పెన్సిలమ్మ వెళ్ళేముందు ఆ రోజు వాడిన పలక నాకు ఇచ్చేసింది. గోడ మీద ఖాళీగా ఉన్న మేకుకి తగిలించాను. దాని మీద నాలుగు నిలువు గీతలున్నాయి. వాటికి అడ్డంగా ఐదో గీత మొదలై, సగంలో ఆగిపోయింది. ఆవిడ నీ కిందే ఉంది బాబాయ్, నీ మడమనే చూస్తోంది. మడమకీ పగడానికీ మధ్య జానెడు ఉన్నప్పుడు పెన్సిలు ఆనించింది. గీత సగం గీసేసరికి నీ కాలు వెనక్కి లేచింది. "ఇన్నేళ్ళలో సగం గీత గీసింది ఇదొక్కసారే" అని చెప్పింది. ఆవిడ కూడా నవ్వింది, నిజంగా.

దిబ్బ మాదే. ఇంకో ఐదేళ్ళకి కాగితం ఇచ్చారు. మిగతా మూడు దీవుల పడవలవాళ్ళకి మన పద్ధతి నేర్పమని నాకు ఉత్తర్వు వచ్చింది. సరంగమ్మ పడవ ముక్కు మీద ఎర్ర రంగుతో పెద్ద తేలు బొమ్మ వేయించింది. దాన్ని చూసి జనం ముందు భయపడతారు, ఆ తర్వాత అడుగుతారు. నాకు అంతకంటే ఏం కావాలి!

ఇంకొకటి. మాస్కు నిండా నీళ్ళతో నువ్వు చూడలేకపోయావు కాబట్టి నేను చెప్తున్నాను. నీ కాలి కింద మసకగా కనపడిన కొమ్మలు ఏమిటో తెలుసా? అక్టోబరులో నేను నిలబడి విరిచిన దుప్పికొమ్ముల పగడం అదే. విరిగిన మోడు మీంచి కొత్త కొమ్మ వచ్చింది. నిన్న వెళ్ళి, చెయ్యి తగలకుండా, పక్కనే తేలుతూ కొలిచాను. నా చిటికెన వేలంత ఉంది. కొన ఇంకా తెల్లగా, లేతగా ఉంది.

నీ మడమ దిగాల్సిన చోటు సరిగ్గా అదే. దిగలేదు.

నీ
కప్ప